రాజుగారి కింది ఇటుకలు

"ఒకటి... రెండు... మూడు... ఎత్తండ్రా!"

నలుగురూ నాలుగు పిడులు పట్టుకుని ఒక్క ఊపున లేచారు. మనుషులైతే లేచారు గానీ, రాజుగారు మాత్రం కూర్చున్న చోటి నుంచి అంగుళం కదల్లేదు.

ఇది మూడో ప్రయత్నం. గేటు బయట లారీ గంట నుంచి నిలబడి ఉంది. ఫిల్మ్‌నగర్‌లో ఆ సందు అసలే ఇరుకు. పక్కింటి కారు డ్రైవరు ఇప్పటికి రెండుసార్లు వచ్చి హారన్ కొట్టి, గొణుక్కుంటూ వెనక్కి వెళ్లాడు.

"డిసెంబరులో వీళ్లే కదండీ, ఇదే చెట్టును పూలబుట్టలా ఎత్తి లారీ ఎక్కించింది?" అన్నాడు కమలాకర్ చెమట తుడుచుకుంటూ. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో సెట్టు సామాను బాధ్యతంతా అతనిది. "ఈ ఆర్నెల్లలో ఏం పెట్టి పెంచారు మేడమ్?"

సినిమా సెట్లకు చెట్లు అద్దెకిచ్చే త్రిపురసుందరి చీర చెంగు నడుముకు దోపుకుని మోకాళ్ల మీద కూర్చుంది. గుడ్డ కుండీ అంచు కింద చెయ్యి పెట్టబోయింది. వేళ్లు దూరలేదు. ఇంకోవైపు ప్రయత్నించింది. అక్కడా దూరలేదు.

మేడ మెట్ల మీద నిలబడి చూస్తున్న ఆవిడ భర్త పరబ్రహ్మం గారు చప్పుడు కాకుండా ఒక మెట్టు పైకెక్కారు.

"కింద ఇటుకలేవి?" అంది త్రిపురసుందరి.

కూలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పదహారు ఇటుకలుండాలి. వరసకు నాలుగు, మధ్యలో సందులు. నా చేత్తో పేర్చాను. ఏవి?"

"ఇటుకలు లేకపోతే ఏమవుతుంది మేడమ్?" అన్నాడు కమలాకర్ అమాయకంగా.

"అయ్యేదంతా అయిపోయింది." ఆవిడ లేవకుండానే చెప్పింది. "మట్టి కుండీలో వేరు గోడ తగిలి చుట్లు చుట్టుకుంటుంది. గుడ్డ కుండీలో అలా కాదు. గుడ్డ దాకా వచ్చి, గాలి తగలగానే ఆగిపోతుంది. అందుకే ఇంత చెట్టయినా ఎత్తి ఎక్కడికైనా తీసుకెళ్లగలం. కానీ అడుగున కూడా గాలి ఆడాలి. గాలి లేక మట్టి తగిలిందా, ఇక దాన్ని ఆపేదెవరు? గుడ్డను చీల్చుకుని తిన్నగా భూమిలోకి దిగుతుంది."

"దిగిందా?"

"దిగింది," అంది.

కమలాకర్ మెట్టు మీద కూలబడ్డాడు. "రేపు పొద్దున ఆరింటికి షాట్ మేడమ్. హీరోయిన్ గారికి రేపు ఒక్కరోజే డేట్ ఉంది. ఆ తర్వాత రెండు నెలలు ఈ దేశంలోనే ఉండరు."

ఈ సంగతి అతను చెప్పాలా? ఆ సినిమాలో అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేస్తున్న త్రిపురసుందరి కూతురు అనఘ వారం నుంచి ఇంట్లో చెప్పుకుంటూ తిరుగుతున్నదే అది. సగం సన్నివేశం డిసెంబరులోనే తీశారు. హీరోయిన్ ఏడుస్తూ నిలబడ్డప్పుడు వెనక ఉన్నది రాజుగారే. పదకొండడుగుల రాయల్ పామ్ అది. ఎవరి మాటలో వింటున్నట్టు మొదలు కాస్త ఎడమకు వంగి ఉంటుంది. మిగతా సగం ఏడుపుకు ఇంకో చెట్టు పెడితే ప్రేక్షకులు క్షమిస్తారేమో గానీ, ఆ డైరెక్టరు క్షమించడు.

పైగా త్రిపురసుందరి మాట ఇచ్చింది. రేపు రాజుగారు వేళకు సెట్టుకు చేరితే, వచ్చే నెల మొదలయ్యే సినిమాకు ఈ పెరట్లోని ఇరవై రెండు చెట్లూ వాళ్లే తీసుకుంటామన్నారు. తొమ్మిదేళ్లలో ఆవిడకు ఇంత పెద్ద పని రావడం ఇదే మొదలు.

అదంతా పరబ్రహ్మం గారికి తెలుసు. సినిమా ముహూర్తాలకు పూజలు చేయించే పురోహితుడాయన. ఆషాఢం వచ్చి ముహూర్తాలు లేక, పది రోజులుగా ఇంట్లోనే ఉంటున్నారు. ఇంకెక్కడికైనా పని మీద వెళ్లి ఉంటే ఎంత బాగుండేదని ఆయనకు ఇప్పుడనిపిస్తోంది.

"నాకు అర్థమైంది," అంది త్రిపురసుందరి చేతులు దులుపుకుంటూ. "బుచ్చమ్మగారు వేసవిలో మోటారు కింద దిమ్మె కట్టించారు. ఆ ఇటుకలు ఎక్కడివి మరి?"

పరబ్రహ్మం గారు నోరు తెరిచారు. మూశారు.

"ఏంది సుందరమ్మా? నా పేరు ఇనవడుతున్నది?"

కింది వాటాలోంచి బుచ్చమ్మ వచ్చేసింది. ఇంటి యజమానురాలు. షేక్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి. అరవై ఎనిమిదేళ్లున్నా ఆవిడ గొంతుకు మాత్రం పాతికేళ్లే.

"ఏం లేదు బుచ్చమ్మగారూ. మీ దిమ్మెకు ఇటుకలు ఎక్కడి నుంచి తెప్పించారా అని."

"దుకాణంలకెల్లి. ఇంక యాడికెల్లి వస్తయి?" అని, చెట్టు వైపూ త్రిపురసుందరి ముఖం వైపూ మార్చి మార్చి చూసింది. "అంటే? నీ చెట్టు కింది ఇటుకలు నేను దొంగిలిన్ననా?"

"నేను అలా అన్నానా?"

"అనకుంటనే అన్నవ్. పదకొండేండ్ల సంది ఒక్క ఇంట్ల ఉన్నం. గింత మాటంటవా నన్ను?"

"మరి ఇటుకలకు కాళ్లొచ్చి నడిచి వెళ్లాయా?"

"నడిచినయో, ఎగిరినయో నాకేమెరుక? జర ఆగు, జర ఆగు." బుచ్చమ్మ ముందుకు వంగి కుండీ అడుగును చూసింది. "కదుల్తలేదంటే? వేరు దిగిందా? నా భూమిలనా?"

త్రిపురసుందరి తల దించుకుంది.

"ఇల్లు కిరాయికిచ్చిన నాడు ఏం జెప్పిన? సంచులల్ల ఏమన్న పెంచుకో, భూమిల మాత్రం ఒక్క వేరు గూడ దిగొద్దని చెప్పిన. చెప్పిననా, లేదా?"

"చెప్పారు."

"ముంగటోళ్లు మునగచెట్టు నాటిండ్రు. ఆళ్లేమో కాయలు తిని ఖాళీ జేసి పోయిండ్రు. గొంగళిపురుగులు నాకు మిగిలినయి. మూడేండ్లు గోకుకున్న!"

కూలీల్లో ఒకడికి నవ్వాగలేదు. బుచ్చమ్మ చూపు తగలగానే అది దగ్గుగా మారింది.

పరబ్రహ్మం గారు మెట్ల కమ్మీ పట్టుకున్నారు. ఇద్దరు ఆడవాళ్లూ మంచివాళ్లే. ఈ పక్క ఆవకాయ ఆ పక్కకూ, ఆ పక్క సర్వపిండి ఈ పక్కకూ పదకొండేళ్లుగా అందుతూనే ఉన్నాయి. ఇప్పుడు ఆ ఇద్దరూ తనవల్ల ఒకరి ముఖం ఒకరు చూడలేకుండా నిలబడ్డారు. తానేమో తేలు కుట్టిన దొంగలా మెట్ల మీద నిలబడి ఉన్నారు.

"అమ్మా, ఆగండి మీరిద్దరూ," అంది అనఘ ఫోన్ తీసి. "నేను వారం వారం చెట్ల ఫొటోలు తీస్తాను కదా, కంటిన్యుటీ కోసం, సీనుకూ సీనుకూ తేడా రాకుండా. ఇటుకలు ఎప్పటిదాకా ఉన్నాయో చూస్తే సరి. డిసెంబరు ఇరవై రెండు... ఉన్నాయి."

పరబ్రహ్మం గారు ఒక మెట్టు దిగారు.

"జనవరి ఐదు, ఉన్నాయి. పంతొమ్మిది, ఉన్నాయి."

ఇంకో రెండు మెట్లు దిగారు.

"ఫిబ్రవరి రెండు. ఇదిగో, ఇక్కడా ఉన్నాయి. తర్వాతది..."

"తర్వాతది చూడనక్కర్లేదమ్మా," అన్నారు పరబ్రహ్మం గారు. "మాఘ శుద్ధ దశమి, శుక్రవారం. రోహిణీ నక్షత్రం. నేనే తీశాను."

పెరట్లో అందరూ ఆయన వైపు తిరిగారు. లారీ డ్రైవరు కూడా గేటు మీంచి తొంగిచూశాడు.

"కొత్త నిర్మాత," అన్నారాయన ఉత్తరీయం అంచు నలుపుతూ. "కొబ్బరికాయలు తెచ్చాడు, గుమ్మడికాయ తెచ్చాడు, కర్పూరం డబ్బాలకు డబ్బాలు తెచ్చాడు. హోమగుండానికి ఇటుకలు మాత్రం మర్చిపోయాడు. పదీ నలభైకి ముహూర్తం. తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. నువ్వు నర్సరీకి వెళ్లావు. ప్రొడక్షన్ వ్యాన్‌లో ఇద్దరొచ్చి గడ్డపారతో కుండీని ఒక పక్కకు వంచి పట్టుకుంటే, నేను ఒక్కొక్కటే లాగాను."

"నా చెట్టు కిందివే దొరికాయా మీకు?"

"హోమానికి శుద్ధమైన ఇటుకలు కావాలి కదా సుందరీ. నీ చేత్తో పేర్చినవి. రోజూ నీళ్లు పడేవి. అంతకంటే శుద్ధమైనవి ఎక్కడ తేను?"

ఆ మాట ఆయన మనసులోంచే వచ్చింది.

"సాయంత్రానికల్లా తెచ్చి పెట్టేద్దామనుకున్నాను. పూజయ్యాక చూస్తే ఇటుకలు లేవు. ఏ సెట్టు గోడలో కలిపేశారో మరి. కొత్తవి కొందాం, రేపు కొందాం అనుకుంటూ..."

"ఏ సినిమా అండీ అది?" అన్నాడు కమలాకర్ ఉండబట్టలేక.

"ఆగిపోయింది బాబూ. రెండో వారమే."

"చెట్టు కింది ఇటుకలు గుంజితే సిన్మ నడుస్తదా పంతులూ?" అంది బుచ్చమ్మ.

త్రిపురసుందరి ముందుగా బుచ్చమ్మ వైపు తిరిగింది. "తప్పు మాట్లాడాను. ఏమీ అనుకోకండి," అంది. బుచ్చమ్మ గోడ వైపు చూస్తూ సరేనన్నట్టు చెయ్యి ఊపింది. ఆ తర్వాత త్రిపురసుందరి భర్త వైపు చూసింది. అరిచినా బాగుండేది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ అరిచిన రోజుల్లో ఆయన హాయిగా భోజనం చేసి పడుకున్నారు. మాట్లాడని రోజుల్లోనే అన్నం సయించేది కాదు.

గొంతు పెంచకుండానే అడిగింది. "ఇంకేమైనా ఉందా, నాకు చెప్పాల్సింది?"

ఉంది. చిన్న మాటే. కానీ ఒక పూటకు ఒక ఒప్పుకోలు చాలని ఆయనకు అనిపించింది. నిర్ణయానికి వచ్చేలోపే ఆవిడ ముఖం తిప్పేసుకుంది.

"అనఘా, లోపలి నుంచి కత్తి తీసుకురా."

"కోస్తావా అమ్మా?"

"కోసి లారీ ఎక్కిస్తే రేపటి షాట్‌కు నిలబడుతుంది. పచ్చగానే కనిపిస్తుంది," అంది త్రిపురసుందరి. "నెల తిరిగేలోగా ఎండిపోతుంది. పామ్ చెట్టు వేళ్లు ఒక్కసారిగా నరికితే తట్టుకోదు. సగం ఇప్పుడు కోసి, నెలన్నర ఆగి మిగతా సగం కోయాలి. మనకున్నది ఒక్క పూట."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు. తొమ్మిదేళ్ల కిందట ఏదో సెట్టు విప్పేస్తుంటే చెత్తకుప్పలో జానెడు మొక్కగా దొరికింది అది. ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. అదే సెట్టులోంచి పారేసిన నల్ల తెర గుడ్డతో దానికి మొదటి కుండీ కుట్టింది. చెట్టు ఎదిగినకొద్దీ పిల్లలకు చొక్కాలు మార్చినట్టు నాలుగు కుండీలు మార్చింది. రాజుగారని పేరు పెట్టింది కూడా ఆవిడే.

పరబ్రహ్మం గారు ఆ కన్నీళ్లు చూశారు. పదహారు ఇటుకలు కాదు, పదహారు వేల ఇటుకలు ఇప్పుడే నెత్తిన మోసుకొస్తానన్నా లాభం లేదు.

అనఘ కత్తి తెచ్చింది. త్రిపురసుందరి అందుకుని మళ్లీ మోకాళ్ల మీద కూర్చుంది.

"ఆగు," అంది బుచ్చమ్మ.

"మీకు భయం అక్కర్లేదు బుచ్చమ్మగారూ. మీ భూమిలో ఒక్క వేరు ముక్క కూడా మిగలనివ్వను."

"ఆగుమంటున్న గదా!" బుచ్చమ్మ వచ్చి కత్తి లాక్కుంది. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పింది. "పంతులు ఇటుకలు గుంజిన నాడు నేను చూసిన. కిటికీలకెల్లి."

"చూశారా? మరి చెప్పలేదే?"

"చెప్పలే."

"ఎందుకు?"

బుచ్చమ్మ పైకి, రాజుగారి మట్టల వైపు చూసింది. "మీ లారీ వచ్చి తీస్కపోయినప్పుడల్లా పెరడంత బోసిపోతది. నాలుగు దినాలంటరు, పది దినాలైతది. మళ్ల వస్తదో రాదోనని గేటుకాడ నిలవడి చూస్త. ఒక్కపారి వేరు దిగితే ఇగ యాడికి వోదనుకున్న. బియ్యం కడిగిన నీళ్లు గూడ పోసిన."

"రోజూనా?"

"ఐతారం పోయలే. ఐతారం బోరబండల బిడ్డింటికి పోత గదా."

"మరి ఇందాక నా భూమిలో వేరు దిగిందా అని అంత అరిచారే?"

"నేను వెట్టిన షర్తు నేను నిలవెట్టుకోవద్దా?"

ముందుగా నవ్వింది అనఘ. తర్వాత కూలీలు. త్రిపురసుందరి పెదవి బిగబట్టి చూసింది గానీ ఆగలేదు. కళ్లలో నీళ్లుండగానే పకపకా నవ్వేసింది. పరబ్రహ్మం గారు కూడా నవ్వబోయి, తన స్థితి గుర్తొచ్చి మానుకున్నారు.

"నవ్వితే బాగానే ఉంది," అన్నాడు కమలాకర్ గడియారం చూసుకుంటూ. "రేపు ఆరింటికి నేనేం చెప్పాలి?"

"సిన్మల గీ చెట్టు ఎంత కనవడ్తది?" అని అడిగింది బుచ్చమ్మ.

అనఘ ఫొటో చూపించింది. హీరోయిన్ ముఖం, వెనక వంగిన మొదలు, నాలుగు మట్టలు, కొంచెం గోడ, కిటికీ మూల.

"గింతేనా? మరి నా గోడ లేదా? నా కిటికీ లేదా? చెట్టును ఆడికి తోలుకపోవుడు ఎందుకు? ఆ పిల్లనే గీడికి తోలుకరాండ్రి!"

కమలాకర్ నవ్వబోయి ఆగిపోయాడు. రెండు చేతుల వేళ్లతో చట్రం కట్టి, ఒంటికన్నుతో చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. గొంతుక్కూర్చుని చూశాడు.

"వెలుతురు డిసెంబరులో కూడా ఎడమ నుంచే వచ్చింది," అంది అనఘ ఆత్రంగా. "ఇక్కడ పొద్దున ఆరింటికి ఎడమ నుంచే వస్తుంది. గోడ రంగొక్కటే తేడా. సెట్టులో గంధం రంగు, ఇక్కడ పచ్చ."

"రంగు సాయంత్రానికల్లా వేయించేస్తాను. అది నా పని," అని కమలాకర్ ఫోన్ పట్టుకుని గేటు దాకా నడిచాడు. అక్కడి నుంచి "అవును సార్", "లేదు సార్", "నిజం చెట్టే సార్" అనే మాటలు వినిపించాయి. పెరట్లో ఎవరూ కదల్లేదు. పరబ్రహ్మం గారు తనకు తెలిసిన దేవుళ్లందరినీ ఒకసారి తలచుకున్నారు. కొందరిని రెండుసార్లు.

కమలాకర్ తిరిగొచ్చాడు. "సరేనన్నారు!"

కూలీలు ఈల వేశారు. అనఘ తల్లిని వాటేసుకుంది.

"ఒక్క షర్తు," అంది బుచ్చమ్మ, కత్తి ఇంకా చేతిలోనే ఉంచుకుని. "రాజుగారు ఇగ యాడికి వోడు. నా భూమిల వేరు దిగింది నాది."

త్రిపురసుందరి చెట్టు మొదలు మీద చెయ్యి వేసి నిలబడింది. లారీ వెళ్లిపోయాక గేటు దగ్గర నిలబడి చూసేది బుచ్చమ్మ ఒక్కతే కాదు. తానూ నిలబడేది. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి, ఎప్పుడూ ఒకరికొకరు చెప్పుకోలేదు.

"ఒక్క చెట్టే కదా. ఉంచుకోండి," అంది. "ఇంకా ఇరవై ఒకటి ఉన్నాయి నాకు. వచ్చే నెల సినిమాకు అవి చాలు. కానీ నీళ్లు మాత్రం నేనే పోస్తాను."

"ఐతారం నువ్వు పోయ్."

ఇద్దరూ మళ్లీ నవ్వుకున్నారు. ఆ నవ్వులోనే త్రిపురసుందరి భర్త వైపు ఒకసారి చూసింది. పూర్తిగా క్షమించిన చూపు కాదు గానీ, మధ్యాహ్నం అన్నం దొరుకుతుందని తెలిసింది. పరబ్రహ్మం గారు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు.

"అయితే పని మొదలుపెడదాం," అన్నాడు కమలాకర్ చేతులు చరుస్తూ. "కెమెరాకు ఈ మూడూ అడ్డం. సపోటా, నిమ్మ, ఆ చిన్న పామ్. పక్కకు జరపండ్రా!"

ఇద్దరు కూలీలు సపోటా కుండీ పిడులు పట్టుకున్నారు. నడుమెత్తు చెట్టు. మామూలుగా అయితే ఇద్దరు కూడా అక్కర్లేదు.

లాగారు. ఇంకోసారి లాగారు. గుడ్డ పిడి కిర్రుమంది.

"అమ్మా," అన్నాడు ఒకడు నెమ్మదిగా. "ఇది గూడ లేస్తలేదు."

రెండోవాడు నిమ్మచెట్టును కదిపి చూశాడు. ఏమీ అనకుండా చేతులు వదిలేశాడు.

అనఘ ఫోన్‌లో ఫొటోలు మళ్లీ మొదటి నుంచి జరపసాగింది. బుచ్చమ్మ కళ్లు మెరిశాయి.

"సుందరమ్మా," అంది మెల్లగా. "గివి గూడ నాయేనా?"

త్రిపురసుందరి మెట్ల దగ్గర, ఒక కాలు అప్పటికే పైమెట్టు మీద పెట్టి ఉన్న భర్త వైపు తిరిగింది.

"ఏమండీ," అంది, ఎంతో మెత్తగా. "మాఘం నుంచి మొన్నటి జ్యేష్ఠం దాకా మీరు ఎన్ని హోమాలు చేయించారు?"

పరబ్రహ్మం గారు కాలు దించారు. కళ్లు మూసుకుని, బొటనవేలిని చిటికెనవేలి మొదటి కణుపు మీద ఆనించి, లెక్కపెట్టడం మొదలుపెట్టారు.